చిన్న యోడలో లక్షద్వీప యాత్ర

వేసవి వచ్చినది. పాఠశాలలు మూతపడినవి, న్యాయస్థానములు సెలవులు పుచ్చుకొన్నవి. చేత నాలుగు డబ్బులాడు గృహస్థు "ఈ యేడు ఎచ్చటికి పోవుదము?" అను ప్రశ్నతో ఇంటిల్లిపాదిని సమావేశపరచు దినములివి. ఒకప్పుడీ ప్రశ్నకు ఉదకమండలము, కొడైకెనాలు మాత్రమే యుత్తరములు. దొరలు వెడలిపోయినను వారి కొండదారిని మనవారు విడువలేదు. ఇప్పుడా కొండలమీద చెట్లకంటె మోటారు బండ్లే ముందుగా కన్పట్టుచున్నందున జనుల దృష్టి సముద్రమువైపు మరలినది. చిన్న యోడనెక్కి, నీలపు నీటి నడుమ సద్దులేక యెండ కాగుచుండు దీవులలో నాలుగైదు దినములు తిరిగి రావలయునను కోరిక మధ్యతరగతి తెలుగు కుటుంబములలో గూడ వినవచ్చుచున్నది. ఈ కోరికను మేము తప్పుపట్టము. నేలను మాత్రమే దేశమని తలచిన జాతికి సముద్రము కూడ దేశమేయని తెలియుట మేలే. కాని దీవికి పోవుట కొండకు పోవుటవంటిది కాదు. ఆ భేదమును గూర్చియే నేడు నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

మన దేశమున నిట్టి యాత్రకు దగిన తావులలో మొదట చెప్పదగినవి లక్షద్వీపములు. పేరున లక్ష యున్నను లెక్కకు వచ్చునవి ముప్పదియారు. అందును పరళి యను పేరుగల చిన్న దీవులలో నొకటి అలల కోతకు పూర్తిగా కరగిపోయినదని 2017లో పరిశోధకులు తెలిపిరి. జనులు నివసించునవి పదియే. అన్నిటి నేలయు కలిపిన 32 చదరపు కిలోమీటర్లు. మనవైపు ఒకటి రెండు పెద్ద గ్రామముల పొలిమేరలో నిమిడిపోవును. ఆ కొద్దిపాటి నేలమీద 2011వ సంవత్సరపు జనాభా లెక్కలనాటికి 64 వేలకు పైబడి జనులుండిరి. అనగా చదరపు కిలోమీటరునకు రెండువేలమంది. కేరళ తీరమునకు 220 మొదలు 440 కిలోమీటర్ల దూరమున, అరేబియా సముద్రమున, ఈ దీవులు విసరి చల్లినట్లున్నవి. పెక్కుచోట్ల నేల సముద్రపు మట్టమునకు ఒకటి రెండు మీటర్లే యెత్తు. కొబ్బరిచెట్టు లేకున్నచో దూరమునుండి దీవి యున్నదనియే తెలియదు.

ఈ దీవులు మనకు పరాయివి కావు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రమేర్పడు వరకు అమినిదివి దీవులు దక్షిణ కన్నడ జిల్లాలోను, తక్కినవి మలబారు జిల్లాలోను చేరి, మనతోపాటు ఒకే చెన్నపురి ప్రభుత్వము క్రింద నుండెను. 1956 నవంబరు 1న అవి కేంద్రపాలిత ప్రాంతమయ్యెను. 1973లో లక్షద్వీపమను పేరు స్థిరపడెను. ద్వీపవాసులు తమ తెరచాప నావను 'ఓడం' అందురు. మన 'ఓడ'కు అది తోబుట్టువు. అచ్చట 'బంగారం' అను పేరుగల దీవియే యొకటి యున్నది. కొచ్చినుండి ఆ దీవులకు జనులను చేర్చు నౌకలలో 700 మందికి చోటుగల 'కవరత్తి' మన విశాఖపట్టణమున హిందుస్థాన్ షిప్‌యార్డులో కట్టబడినదే. తెలుగు రేవున పుట్టిన యోడ ద్వీపవాసికి రాచబాటయైనదని తలచినపుడు ఎవనికి సంతోషము కలుగదు?

దీవుల పరిపాలకులు 'సముద్రం' అను పేర నడుపుచు వచ్చిన యాత్ర యొకటి కలదు. కొచ్చిలో నోడనెక్కిన ప్రయాణికుడు ఐదు దినములలో కవరత్తి, కల్పేని, మినికాయ్ దీవులను చూచి మరలివచ్చును. ఓడ రాత్రివేళ నడచును. తెల్లవారునప్పటికి క్రొత్త దీవియెదుట నిలిచియుండును. పగడపు దిబ్బ లోపలి మడుగు లోతు లేనిది గనుక పెద్ద యోడ అందు ప్రవేశింపజాలదు. చిన్న మరపడవలు వచ్చి ప్రయాణికులను దింపుకొనిపోవును. ఆ మడుగు నీటి రంగు మాటలకందునది కాదు. లోతునుబట్టి, వేళనుబట్టి, ఆకుపచ్చనుండి నీలమువరకు నిమిషమునకొక తీరున మారుచుండును. అడుగున నిసుక రేణువులు సైతము కన్పట్టును. కవరత్తిలో ఉజ్రా మసీదు పైకప్పునందలి చెక్కడపు పని చూచి యాశ్చర్యపడనివారుండరు. మధ్యాహ్నము కొబ్బరి తోపున ద్వీపవాసులు వండిన భోజనము. సాయంకాలము వారి యాటపాటలు. చీకటి పడకముందే మరల నోడకు. అచ్చటి కొలది వీధులలో కొలది బండ్లు; కేకలు లేవు; అంగడి రద్దీ లేదు. నగరమున చెవులు చెడిన వానికి ఆ సద్దులేనితనమే యొక యౌషధము.

మూడింటిలోను మినికాయ్ ప్రత్యేకమైనది. తక్కిన దీవులకు దక్షిణమున, తొమ్మిది డిగ్రీల కాలువయను విశాల సముద్రమునకు ఆవల, ఒంటరిగా నున్నది. ఇతర దీవులలో మలయాళమునకు చేరువయైన జెసరి మాట్లాడగా, ఇచ్చట మాల్దీవుల భాషకు చెందిన మహల్ మాట్లాడుదురు. 1885లో కట్టిన దీపస్తంభము నేటికిని నిలిచియున్నది. ఊరంతయు పేటలుగా నేర్పడి, పేటపేటకును పెద్దలుండి, సమష్టిగా పనులు చక్కబెట్టుకొనుట అచ్చటి యాచారము. సూరచేపల వేట వారి బ్రదుకుతెరువు. ఆ వేటకు వలలు వేయరు. మడుగులో పగడముల చాటున నుండు చిన్న చేపలను ప్రాణముతో పట్టి, నడిసముద్రమున వానిని ఎరగా చల్లి, పైకెగసిన సూరచేపలను గాలపు కోలలతో ఒక్కొక్కదానినే పట్టుదురు. సముద్రమును ఊడ్చివేయక, కావలసినంత తీసికొను ఈ పద్ధతిని ప్రపంచపు చేపల నిపుణులు నేడు మెచ్చుకొనుచున్నారు. చిన్న చేప లేక పెద్ద చేప లేదు. పగడము లేక చిన్న చేప లేదు. ఈ గొలుసును పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక.

ఇంతవరకు వేడుక. ఇక విషయమునకు వత్తము. పగలు దీవిలో, రాత్రి యోడలో గడపు ఏర్పాటు పైకి కేవలము సౌకర్యమువలె కన్పట్టును. మేము చూడగా అందొక ధర్మసూక్ష్మమున్నది. చిన్న యోడలో వచ్చినవాడు తన పక్కను, తన స్నానపు నీటిని, తన దీపమును వెంట తెచ్చుకొన్న యతిథి. వాడు గృహస్థుని కుండలో నీరు ముంచుకొనడు. గృహస్థుని వంటను భుజించి వెల యిచ్చును. ప్రొద్దు క్రుంకకమున్నే సెలవు తీసికొనును. లేమిడిగల బంధువు నింటికి పోయినప్పుడు మన పెద్దలు పాటించిన మర్యాద యిదియే గదా! బియ్యము మూట వెంట తీసికొనిపోయి, ఆ పూటకు మాత్రముండి, వారి నొప్పింపక మరలివచ్చెడివారు.

దీవిలో లేమిడి ఏమియన్నచో, నీటి లేమిడి. లక్షద్వీపములలో నదియన్నది లేదు, వాగన్నది లేదు, కొండయన్నది లేదు. వర్షాకాలమున కురిసిన నీరు పగడపు ఇసుకలోనికి దిగి, అడుగునున్న ఉప్పునీటికంటె తేలికయగుటచే, దానిమీద పలుచని పొరగా తేలియుండును. నూనె నీటిపై తేలినట్లు మంచినీరు ఉప్పునీటిపై తేలుచుండును. ఆ పొరయే దీవికి ప్రాణము. బావిలో చేదతో తోడుకొన్నంత కాలము అది నిలిచియుండును. మోటారు పెట్టి లాగితిమా, పొర చినిగి, క్రిందినుండి ఉప్పు పైకి వచ్చును. ఒకసారి ఉప్పెక్కిన బావి మరల మంచి బావి కావలయునన్న ఎన్ని వానలు కావలయునో! మరుగుదొడ్ల మురికియు ఆ యిసుకలోనికే దిగుచున్నది. మంచినీటి పొర మిక్కిలి సన్నగిల్లు కాలము ఏదని యడిగిన, మన సెలవుల కాలమైన ఈ చైత్ర వైశాఖములే. అనగా మనకు విహారకాలమైనది దీవికి ఉపవాసకాలము.

సముద్రపు నీటిని మంచినీరు చేయుటలేదా యని యడుగవచ్చును. చేయుచున్నారు, అందు మన శాస్త్రజ్ఞుల ప్రతిభ గర్వింపదగినది. పైనున్న వెచ్చని నీటిని తక్కువ యొత్తిడిలో ఆవిరిగావించి, మూడునాలుగు వందల మీటర్ల లోతునుండి తెచ్చిన చల్లని నీటితో ఆ యావిరిని చల్లార్చి, త్రాగునీటిని రాబట్టు యంత్రమును చెన్నపట్టణమునందలి జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారు 2005లో కవరత్తియందు నెలకొల్పిరి. దాని శక్తి దినమునకు ఒక లక్ష లీటర్లు. కవరత్తి జనులు పదునొకండువేలకు పైబడి యున్నారు. పంచిపెట్టిన తలకు తొమ్మిది లీటర్లు. త్రాగుటకును వంటకును సరి. 2024 జనవరిలో కడమత్ దీవిలో ప్రారంభింపబడిన యంత్రము దినమునకు లక్షన్నర లీటర్లిచ్చునది. ఇపుడొక చిన్న లెక్క వేయుదము. వేయిమంది యాత్రికులు ఒడ్డున బసచేసి, హోటలు మర్యాద చొప్పున తలకు మూడువందల లీటర్లు వాడుకొన్నచో, ఒక్క దినమునకు మూడు లక్షల లీటర్లు! రెండు కడమత్ యంత్రముల నీరు అతిథుల జలకమునకు సరిపోవును. పిల్లలతల్లి బిందె పట్టుకొని నిలువవలయును. పైగా ఆ యంత్రములకు కావలసిన విద్యుత్తు చాలవరకు డీజిలుతో పుట్టుచున్నది; ఆ డీజిలు తీరమునుండి ఓడలో రావలయును. దీవిలో విప్పిన కొళాయి ధార వెనుక ఇంత కథ యున్నది.

రెండవది పగడము. పగడపు దిబ్బ రాయి కాదు, సజీవమైన యూరు. కంటికి ఆనీ యానని క్రిములు తరతరములుగా కట్టుకొన్న యిండ్ల వరుస యది. ఆ క్రిముల దేహమునందు మిక్కిలి సూక్ష్మమైన నాచు నివసించి, సూర్యకాంతితో ఆహారము వండి, వానికి పెట్టుచుండును. సముద్రపు నీరు వేసవి వేడిమికంటె ఒక్క డిగ్రీ హెచ్చి కొన్ని వారములు నిలిచినచో ఆ నాచు వెడలగొట్టబడును. పగడము తెల్లబారి, ఆకలిచే చచ్చును. 1998, 2010, 2016 సంవత్సరములలో లక్షద్వీపములకు ఈ యాపద వచ్చినది. 2024లో మరల వచ్చినది. అగత్తి, కడమత్, కవరత్తి దిబ్బలను 1998 మొదలు 2022 వరకు ఇరువదినాలుగేండ్లు పరిశీలించినవారు, సజీవమైన పగడము మొదటి దానిలో సుమారు సగమునకు తగ్గినదని తేల్చినారు. ఇందొక విషాదమున్నది. గాలి లేక, అల లేక, మబ్బు లేక, అద్దమువలె నిలిచిన నీటిమీద నెండ కాయుచుండగా యాత్రికుడు "ఆహా, ఎంత ప్రశాంతము!" అనుకొనును. ఆ ప్రశాంతతయే పగడమునకు జ్వరము. మనము మెచ్చుకొను ఎండయే దాని నుడికించుచున్నది.

పగడము పోయిన నేమి, చూచుటకు మరియొకటి లేదా యందురేమో! పగడము చూచుటకు కాదు. అది దీవికి ప్రహరీ గోడ. బయటి సముద్రపు అల దిబ్బకు తగిలి విరిగి, మడుగులోనికి మెత్తబడి వచ్చుచున్నది గనుకనే ఒకటి రెండు మీటర్ల యెత్తుగల నేల నిలిచియున్నది. కల్పేని తూర్పు తీరమున కుప్పలుపడియున్న పెద్ద పగడపు బండలను యాత్రికులకు చూపుదురు. 1847వ సంవత్సరమున వచ్చిన గొప్ప తుపానులో సముద్రము వానిని పెరికి ఒడ్డున విసరెనని చెప్పుదురు. ఆ తుపాను వచ్చినది ఏప్రిలు మాసమున, సరిగా ఇట్టి వేసవిలోనే. 2017లో ఓఖీ, 2021 మేలో తౌక్తే తుపానులు ఈ సముద్రమునే కలచినవి. గోడ బలముగా నున్ననాడే యిట్టిది. గోడ సగము కూలిన తరువాత నేమగును? మినికాయ్ జాలరి ఎరచేప, దీవి నేల, బావి నీరు, ఈ మూడింటికిని పగడమే పునాదియని మనము గ్రహింపవలయును.

మూడవది ఓడ. మనకది విహారనౌక, ద్వీపవాసికి అదియే బస్సు, అదియే రైలు, అదియే ఆసుపత్రి బండి. కొచ్చిలో చదువుకొను బాలుడు ఇంటికి పోవలయునన్నను, కాన్పు కష్టమైన స్త్రీ పెద్ద వైద్యునికడకు చేరవలయునన్నను, ముసలితండ్రి కంటికి శస్త్రచికిత్స కావలయునన్నను ఓడయే శరణ్యము. అగత్తియందు 1988 నుండి విమానాశ్రయమున్నను చిన్న విమానములకే చోటు. ఎల్లరికి అందునది కాదు. నైరుతి ఋతుపవనము దిగిన తరువాత నాలుగు నెలలు సముద్రము పోటెత్తి రాకపోకలు మరింత కష్టమగును. 2021 తరువాత రెండు మూడేండ్లు నౌకలు కొన్ని మరమ్మతులకై నిలిచిపోవుటచే టిక్కెట్టు దొరకక ద్వీపవాసులు రేవులో దినములకొలది వేచియుండిన వార్తలు పత్రికలలో వచ్చినవి. అట్టి యోడలో వేడుకకై పోవు మనము పడక సంపాదించి, వైద్యమునకై పోవు ద్వీపవాసి రేవులో నిలిచిపోయినచో, దానిని యాత్ర యనుట ఎట్లు?

పూర్వచరిత్రను ఒక్కసారి తలచుకొందము. ద్వీపవాసుల సంపద కొబ్బరిపీచు. వారు దానిని నీటిలో నానబెట్టి, దంచి, త్రాడు పేని, కుప్పలు పెట్టెడివారు. ఆ త్రాటిని కొను హక్కు కన్ననూరు ప్రభువులకును, తరువాత కుంపిణీ దొరతనమునకును గుత్తగా నుండెను. త్రాడు తెచ్చిన వానికి బియ్యమిచ్చెడివారు. ఎన్ని తులాముల త్రాటికెన్ని మూటల బియ్యమో నిర్ణయించుట మాత్రము కొనువాని చేతిలోనిది. ఎదురులేని సముద్రము నడుమ నున్నవాడు ఆకలిగొని యా ధరకే యమ్ముకొనెను. నాడు బయటివారు త్రాటికై వచ్చిరి. నేడు ఎండకును ఇసుకకును వచ్చుచున్నారు. సరకు మారినది. ధర కట్టువాడెవడు? స్వరాజ్యమున గూడ ఆ ధర బయటివాడే కట్టినచో, మారినది జెండా మాత్రమే యగును.

2021లో దీవుల అభివృద్ధికని ఒక ముసాయిదా నిబంధనావళి ప్రకటింపబడినపుడు, తమ భూములు తమచేతినుండి జారిపోవునని ద్వీపవాసులు భయపడి నిరసనలు సలిపిరి. ఆ యేటినుండియే ముంబయి రేవునుండి పెద్ద విహారనౌకలు ఆ సముద్రమునకు రాజొచ్చెను. 2024 జనవరిలో ప్రధానమంత్రి లక్షద్వీప సందర్శనమును, దానిపై మాల్దీవుల నాయకులు కొందరాడిన మాటలును, దేశమంతట ఆవేశము కలిగించెను. విదేశమునకు పోనేల, మన దీవులకే పోవుదమను పిలుపు బయలుదేరెను. ఆ పిలుపులోని స్వదేశాభిమానమును మేము గౌరవింతుము. కాని, ఎవరిమీదనో పంతమునకై పోవువాడు, పోయిన తావు సంగతి విచారింపడు. మాల్దీవులు పండ్రెండువందలకు చేరువ దీవులుగల దేశము. మనకు నివాసయోగ్యమైన నేల యెంతో పైన చెప్పితిమి. పెద్ద కుటుంబము చేయు పెండ్లిని చూచి, ఒంటిగది యింటివాడు పందిరి వేయరాదు.

ప్రపంచమున ఈ పాఠము నేర్చుకొన్నవారున్నారు. పసిఫిక్ మహాసముద్రమున ఈక్వడారు దేశమునకు చెందిన గలాపగోస్ దీవులలో నూరుమందికి మించిన ప్రయాణికులతో ఓడ తిరుగరాదు; ఒడ్డున దిగు ప్రతి చిన్న గుంపునకును శిక్షణ పొందిన మార్గదర్శకుడు వెంటనుండవలయును. గ్రీసు దేశమున సంతోరిని దీవి స్థిరనివాసులు పదునైదువేలకు కాస్త పైన. వేసవిలో ఒక్కదినముననే అంత యోడజనము దిగి, వీధులు కదలక నిలిచిపోగా, ఓడలమీద దిగువారు 2025 నుండి దినమునకు ఎనిమిదివేలకు మించరాదని నిర్ణయించుకొన్నారు. వెనిసు నగరము తన నడిమి కాలువనుండి పెద్ద యోడలను 2021 ఆగస్టు 1న తొలగించినది. వీరందరు చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నవారు. మనకింకను చేతులు కాలలేదు. ఇదియే మన భాగ్యము, దీనిని పోగొట్టుకొనరాదు.

మామాటకు ఆక్షేపణలు లేకపోలేదు. మొదటిది: యాత్రికులు రాకున్న ద్వీపపు యువకులు ఏమి తిందురు? ఇది త్రోసివేయదగినది కాదు. చదువుకొన్న యువకునకు దీవిలో ఉద్యోగము అరుదు. కొబ్బరియు సూరచేపయు అందరిని పోషింపజాలవు. అందుచేతనే యాత్రికులు వలదని మేమనము. ఏ యాత్రికుని వలన ద్వీపవాసికి లాభమో విచారింపుడని యందుము. రెండువేలమందిని మోయు పెద్ద విహారనౌక తన అంగడిని, వంటశాలను, నాట్యశాలను తనలోనే మోసికొనివచ్చును. దీవినుండి కోరునది ఇసుక యొడ్డు మాత్రమే. నాలుగు గంటలు త్రొక్కి, చెత్త విడిచి, సొమ్మును ఓడలోనే వ్యయపరచి పోవును. చిన్న యోడలో వచ్చిన నూరుమంది దీవి పడవవానికి కూలి యిత్తురు, దీవి వంటవానికి వెల యిత్తురు, దీవి మార్గదర్శకుని మాట విందురు. ఎక్కువ తలలు ఎక్కువ లాభమనుట అంగడి లెక్క. దీవికి అది పనికిరాదు.

రెండవ ఆక్షేపణ: మన దేశములో మనము తిరుగుటకు అనుమతి పత్రమేల? 1967వ సంవత్సరపు నిబంధనల ప్రకారము, దీవులవారు కానివారు లక్షద్వీపములలో ప్రవేశించుటకు పర్మిట్టు పొందవలయును. ఇది దేశైక్యతకు భంగమని కొందరందురు. మేమట్లు తలపము. అన్నదమ్ములు ఒకే యింటివారైనను తమ్ముని గదిలో ప్రవేశించునపుడు తలుపు తట్టుట అనైక్యత కాదు, మర్యాద. ద్వీపవాసులు షెడ్యూల్డు తెగలవారుగా గుర్తింపబడినవారు. వారి నేల పలుచనిది, వారి సంఖ్య చిన్నది. జాతీయత యనగా పెద్దవాడు చిన్నవాని యింట ఇచ్చవచ్చినట్లు కాలు చాచుట కాదు. చిన్నవాడు నిర్భయముగా నుండునట్లు పెద్దవాడు తన కాలు ముడుచుకొనుటయే నిజమైన జాతీయత.

కావున పాలకులకు మా విన్నపమిది. దీవికి ఎందరు రావచ్చునో ఓడలోని పడకలనుబట్టి గాక, ఆ నెలలో బావిలోని నీటినిబట్టి నిర్ణయింపుడు. దానిని దీవి దీవికి లెక్కగట్టి ప్రకటింపుడు. ప్రతి నౌకలోను రోగులకు, విద్యార్థులకు, దీవులవారికి మొదటి చోటు చట్టముచే భద్రపరచి, మిగిలినదానిని మాత్రమే విహారులకిండు. సముద్రము వేడెక్కి పగడము తెల్లబారిన యేడు ఆ దిబ్బలపై ఈతలు, మునకలు మాన్పింపుడు. జ్వరము వచ్చిన వానిని పలుకరించువారు తగ్గవలయును గాని హెచ్చరాదు. శుద్ధిచేయని మురుగును తీరమునకు పండ్రెండు నాటికల్ మైళ్లలోపల విడువరాదను అంతర్జాతీయ నియమమును ప్రతి యోడచేతను పాటింపజేయుడు. యాత్రవలన వచ్చు సొమ్ములో దీవివారి పాలు ఎంతయో, ఏ యుద్యోగములు వారివో, వారెన్నుకొన్న ప్రతినిధులతో కూర్చుండి నిర్ణయింపుడు. క్రొత్త నౌకలు కావలసినచో మన విశాఖపట్టణపు కార్మికుల చేతులున్నవి. చిన్న యోడలు, గట్టి యోడలు, ఎక్కువ యోడలు కట్టింపుడు. ఒక పెద్ద విహారనౌకకంటె పది చిన్న నౌకలు ద్వీపవాసికి మేలు. వానిలో మనకును చోటుండును.

పాఠకులకు చెప్పవలసినది కొంచెమే. పోవలయునన్న పొండు, సంతోషముగా పొండు, పిల్లలను వెంట తీసికొనిపొండు. సముద్రమును చూడని బాల్యము కొరతయే. కాని ఒడ్డున బసకంటె ఓడలో పడక మేలని యెంచుకొనుడు. దీవిలో నిలిచినయెడల నీటిని తూచి వాడుడు. పగడపు ముక్కను జ్ఞాపకార్థము సంచిలో వేసికొనకుడు. అది వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము. దీవులలో మద్యనిషేధమున్నది, అది వారి కట్టుబాటు, మనము మన్నింపవలయును. మీరు తీసికొనిపోయిన ప్లాస్టిక్కు సీసాను మీరే తిరిగి కొచ్చికి తెండు. అచ్చట దానిని పూడ్చుటకు నేల లేదు. మీకు మార్గము చూపిన యువకునితో ఒక గంట కూర్చుండి, వాని యింట నీరెట్లు వచ్చుచున్నదో, వాని చెల్లెలు ఎచ్చట చదువుచున్నదో అడుగుడు. మీరు తెచ్చుకొను ఛాయాచిత్రములన్నిటికంటె ఆ గంట విలువైనది.

సాయంకాలము మరపడవలో ఓడకు మరలివచ్చునపుడు వెనుదిరిగి చూడుడు. కొబ్బరి చెట్ల నడుమ ఒక్కొక్క దీపము వెలుగుచుండును. ఆ దీపము డీజిలుతోనో సూర్యశక్తితోనో వెలుగుచున్నది. ఆ యింటివారు రాత్రికి కావలసిన నీరు కొలిచి పెట్టుకొనియున్నారు. రేపటి యోడలో తమవాడెవడో రావలసియున్నది. మనకది నాలుగు దినముల సెలవు, వారికది లోకము. రేపు తెల్లవారి వారు లేచి చూచుకొనునప్పటికి, మనము వచ్చిపోయిన జాడ ఇసుకమీద గాని, బావిలో గాని, పగడముమీద గాని లేకుండుటయే మన యాత్ర సఫలమైనదనుటకు గురుతు.